నీళ్లు లేని నగరం కాదిది

"ఇంకో పైపు వేస్తే సరిపోతుంది." సికింద్రాబాద్‌లో బస్తీ మీటింగులోనైనా, అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులోనైనా, శంకుస్థాపన వేదిక మీదైనా నీళ్ల చర్చ చివరికి ఈ ఒక్క మాట దగ్గరికే వస్తుంది. జనం పెరిగారు, నీళ్లు పెరగలేదు, కాబట్టి ఇంకో నదిని తీసుకురావాలి. అధికారులు, నాయకులు, రియల్ ఎస్టేట్ వాళ్లు, మోటరు ఆన్ చేసి సంపు వైపు చూస్తూ నిలబడే మామూలు మనిషి, ఇన్ని రకాల వాళ్లు ఏకాభిప్రాయంతో ఉన్న విషయం ఈ ఊళ్లో ఇంకొకటి లేదు. ఆ ఏకాభిప్రాయం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

తెచ్చిన నదుల సంగతి ముందు చూద్దాం. 1965లో మంజీరా మొదటి దశ, 1981లో రెండోది. తర్వాత సింగూరు తోడై 1991లో, 1993లో మూడు, నాలుగు దశలు. 2004లో కృష్ణా వచ్చింది. 2008లో కృష్ణా రెండో దశ, 2015లో మూడోది. ఆ వెంటనే ఎల్లంపల్లి నుంచి గోదావరి. 2025 సెప్టెంబరులో గోదావరి రెండు, మూడు దశలకు గండిపేట దగ్గర పునాదిరాయి వేశారు. అంచనా 7,360 కోట్ల రూపాయలు, మల్లన్నసాగర్ నుంచి తెచ్చేది 20 టీఎంసీలు. పునాదిరాయి వేసిన ప్రతిసారీ "ఇక కొన్ని దశాబ్దాల దాకా ఢోకా లేదు" అనే భరోసా వినబడుతుంది. ఆ దశాబ్దాలు గడవకుండానే తర్వాతి పునాదిరాయి వస్తుంది. నల్లాలో నీళ్లు మాత్రం ఇప్పటికీ చాలా కాలనీల్లో రోజు విడిచి రోజే.

నీళ్లు నిజంగా చాలకపోవడం వల్లే ఇదంతా జరుగుతోందా? నగరం రోజుకు 602 మిలియన్ గ్యాలన్లు వాడుతోందని 2022లో ప్రభుత్వ ఉత్తర్వే చెప్పింది. అంటే 270 కోట్ల లీటర్ల పైమాట. జనాభాను కోటీ పాతిక లక్షలకు లెక్కగట్టినా మనిషికి రోజుకు రెండు వందల లీటర్లు దాటుతుంది. నగరాల నీటి సరఫరాకు మన దేశంలో సాధారణంగా పెట్టుకున్న ప్రమాణం 135 లీటర్లు. పరిశ్రమలకు, ఆఫీసులకు, ఆస్పత్రులకు పోయేది పక్కన పెట్టినా, ఈ లెక్క ప్రకారం ఊళ్లో ఎవరూ ట్యాంకర్ కోసం ఫోన్ చేయకూడదు. చేస్తున్నారంటే రిజర్వాయర్ దాకా వచ్చిన నీరు నల్లా దాకా రావడం లేదన్నమాట. కొంత పాత పైపుల చిల్లుల్లో పోతోంది, కొంత లెక్కకు రాని కనెక్షన్లలోకి పోతోంది, మిగిలింది ఒత్తిడి బాగున్న చోటికి ఎక్కువ, ఎత్తు మీదున్న బస్తీకి తక్కువ వెళ్తోంది. పైకి తెచ్చే నీటిలో మూడో వంతు దాకా బిల్లు కాకుండా పోతోందన్నది నగరానికి నీళ్లిచ్చే జలమండలిలో ఎవరూ కాదనని మాట. చిల్లి పూడ్చిన చోట ఎవరూ పునాదిరాయి వేయరు. అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం.

అయితే ఇంకో పైపు వాదంతో నాకున్న పేచీ డబ్బు దగ్గరో దుబారా దగ్గరో ఆగేది కాదు. దూరం నుంచి తెచ్చిన నీరు దగ్గరున్న నీటిని చంపుతుంది. మన ఊళ్లో ఇది కాగితం మీదే జరిగింది, తేదీతో సహా.

1908 సెప్టెంబరులో మూసీ ముంచెత్తిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టినవి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్. ఒకటి 1920లో పూర్తయింది, రెండోది 1927లో. వరదను ఆపడం, తాగునీరు ఇవ్వడం రెండూ వాటి పనే. పైగా అవి ఊరికంటే ఎత్తున ఉన్నాయి, నీరు తనంతట తానే దిగి వస్తుంది. వాటి పరీవాహకంలో కాలుష్యం, కట్టడాలు రాకూడదని 1996 మార్చి 8న జీవో 111 ఇచ్చారు. చుట్టూ పది కిలోమీటర్లు, 84 గ్రామాలు దాని పరిధి. 2022 ఏప్రిల్ 12న జీవో 69 ఆ ఆంక్షలను తీసేసింది. అందుకు చెప్పిన కారణం చదవాల్సినది. 1996లో నగరం వాడే 145 మిలియన్ గ్యాలన్లలో ఈ రెండు జలాశయాల వాటా 27.59 శాతం ఉండేదట. ఇప్పుడు 602లో 1.25 శాతం కూడా లేదట. కాబట్టి నగరం వీటి మీద ఆధారపడి లేదట.

ఈ శాతాలను గ్యాలన్లలోకి మార్చి చూడండి. 145లో 27.59 శాతం అంటే 40 మిలియన్ గ్యాలన్లు. 602లో 1.25 శాతం అంటే ఏడున్నర. వాటా పలచబడిందని చెప్పి ఊరుకుంటే నమ్మొచ్చు, కానీ ఇక్కడ వాడకమే ఐదో వంతుకు పడిపోయింది. జలాశయాలు ఎండిపోయి కాదు. 2021 జులైలో ఉస్మాన్‌సాగర్ నిండి గేట్లెత్తి మూసీలోకి వదిలారు. ఒకవైపు నిండిన చెరువు నీళ్లు కిందికి వదులుతూ, ఇంకోవైపు నాగార్జునసాగర్ నుంచి కరెంటు పెట్టి నీళ్లు పైకి ఎక్కించుకున్నాం. ఆ తర్వాత, మనం వాడటం మానేసిన నీటిని "వాడటం లేదు కదా" అనే కారణంతోనే కాపలా లేకుండా చేశాం. కృష్ణా, గోదావరి రాకపోయి ఉంటే ఆ ఉత్తర్వులో ఈ వాక్యం రాయడానికి వీలుండేది కాదు. నీటి నాణ్యతకు భంగం కలగకూడదని ఉత్తర్వులో ఒక షరతూ ఉంది, న్యాయంగా అది కూడా చెప్పాలి. ఎగువన టవర్లు లేచాక దాన్ని అమలు చేసే మొనగాడు ఎవరో మాత్రం చెప్పలేదు.

ఇప్పుడు మల్లన్నసాగర్ నుంచి తెచ్చే 20 టీఎంసీల్లో రెండున్నర టీఎంసీలు ఈ జంట జలాశయాల్లోనే పోసి మూసీకి ప్రాణం పోస్తారట. వాన ఉచితంగా నింపే చెరువుకు రక్షణ తీసేసి, గోదావరి నీటిని అంత ఎత్తుకు తెచ్చి అందులో పోయడం! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన తల్లి కథ విన్నాం. ఇక్కడ ఊరంతా వెతికే ఖర్చుకు టెండర్ కూడా పిలిచారు.

ఎత్తు అన్నాను కాబట్టి ఆ లెక్క కూడా. నాగార్జునసాగర్ నిండుమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు, అంటే 180 మీటర్లు. మన ఊరు దాదాపు 540 మీటర్ల మీద ఉంది. ఒక కిలోలీటరును, అంటే వెయ్యి లీటర్లను 360 మీటర్లు పైకెత్తడానికి పంపులు ఏ నష్టమూ లేకుండా నడిచినా ఒక యూనిట్ కరెంటు కావాలి. ఇది బడిలో చదివిన భౌతికశాస్త్రం, ఏ ప్రభుత్వమూ రాయితీ ఇవ్వలేదు. కృష్ణా మూడు దశలూ కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. ఎత్తడానికే రోజుకు పన్నెండు లక్షల యూనిట్లు, వంద కిలోమీటర్లు దాటిన పైపులో రాపిడి, పంపు నష్టాలు కాకుండా. గోదావరి సంగతీ అంతే: ఎల్లంపల్లి నిండుమట్టం 148 మీటర్లే, అక్కడి నీరు ఎక్కాల్సిన మల్లన్నసాగర్‌ది 557. ఫ్లాటు పదో అంతస్తులో ఫ్లష్ నొక్కినప్పుడు పోయేది ఈ నీరే.

ఎదుటివాళ్ల గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటవేయను. "కోటి మందికి చెరువులు, బావులు సరిపోతాయా? 2016 వేసవిలో సింగూరు, మంజీరా ఎండిపోతే కాపాడింది కృష్ణా, గోదావరి పైపులే కదా?" నిజమే, కాపాడాయి. నదుల నీరు వద్దనేంత అమాయకత్వం నాకు లేదు. ఉన్న పైపులు ఉండాలి. నేను అడుగుతున్నది తర్వాతి ఏడు వేల కోట్లు ఎక్కడ పెట్టాలని. పైగా ఆ ఉదాహరణ ఎదురు తిరుగుతుంది కూడా. ఒక నది ఎండితే ఇంకో నది అన్నారు. 2024 వేసవికి నాగార్జునసాగరే అడుగంటి, నగరం కోసం అత్యవసర పంపులు దించారు. అంతకు ముందు 2023 నవంబరు 30న, తెలంగాణలో పోలింగ్ రోజున, అదే డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. అత్యవసర పంపుల అవస్థ తప్పించడానికి 2,215 కోట్లతో కడుతున్న సుంకిశాల ఇన్‌టేక్ బావి గోడ 2024 ఆగస్టులో కూలింది. గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ పియర్లు 2023 అక్టోబరులో కుంగాయి. దూరం పెరిగేకొద్దీ భరోసా పెరుగుతుందన్నది ఎక్కడి లెక్క?

చెన్నై మన పక్కనే ఉంది, అక్కడి కథలో మన నీరే ఉంది. 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ఒప్పందం మీద తెలుగుగంగ మొదలైంది. మూడు రాష్ట్రాలు తలా ఐదు టీఎంసీల కృష్ణా నీరు ఇవ్వాలి, ఆవిరి పోగా పన్నెండు చేరాలి. 1996లో నీళ్లు పూండి చేరాయి. 2004లో సత్యసాయి ట్రస్టు కాలువను బాగుచేయించింది. ఇంత చేసినా 2019 జూన్‌కల్లా చెన్నై జలాశయాలు ఎండి, జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్లు మోశారు. ఆ సంవత్సరమే చెన్నై చేసిన ఇంకో పని మనవాళ్లకు పెద్దగా తెలియదు. కోయంబేడు, కొడుంగయ్యూరుల్లో రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల చొప్పున మురుగునీటిని మెంబ్రేన్ వడపోత దాకా శుద్ధిచేసి ఫ్యాక్టరీలకు అమ్మే ప్లాంట్లు మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలు వదిలిన తాగునీరు ఇళ్లకు మిగిలింది.

ఇక నా అసలు లెక్క. 2021లో 31 కొత్త మురుగుశుద్ధి కేంద్రాలు మంజూరు చేసినప్పుడు ప్రభుత్వం చెప్పిన ప్రకారం నగరంలో రోజూ 165 కోట్ల లీటర్ల మురుగు పుడుతుంది. 365తో గుణిస్తే ఏడాదికి 21 టీఎంసీలు. మల్లన్నసాగర్ నుంచి తెస్తామంటున్నది 20. తేబోయే నది కంటే మన మోరీల్లో పారేదే ఎక్కువన్నమాట. ఈ నది ఏ వేసవిలోనూ ఎండదు. దీని మీద ట్రిబ్యునల్ లేదు, పక్క రాష్ట్రం తగాదా లేదు, మూడు వందల అరవై మీటర్లు ఎత్తాల్సిన పని లేదు. మనం ఒకసారి డబ్బు పెట్టి తెచ్చుకున్నదే, రెండోసారి వాడుకోవడానికి మనసు రావడం లేదు.

ఆ 31 కేంద్రాలకు 3,866 కోట్లు కేటాయించడం మంచి పని. అప్పటికి శుద్ధి అయ్యేది 77 కోట్ల లీటర్లే. ఇంతకాలానికి ఒక ప్రభుత్వం కంటికి కనబడని పనికి అంత డబ్బు పెట్టింది. కానీ శుద్ధిచేసిన నీటిని ఏం చేస్తున్నాం? ఎక్కువ భాగం మళ్లీ నాలాలోకి, అక్కడి నుంచి మూసీలోకి. శుద్ధి కేంద్రం నుంచి వాడేవాడి దాకా రెండో పైపు లేదు. ఉన్నది ఒకే పైపు, తాగే నీటిదీ కార్లు కడిగే నీటిదీ అదే.

"మురుగునీరు తాగిస్తారా?" అని మొహం చిట్లిస్తారు. ఎవరూ తాగమనలేదు. జాతీయ భవన నిర్మాణ నియమావళి మనిషికి లెక్కగట్టిన 135 లీటర్లలో 45 లీటర్లు ఫ్లష్‌కే. సరిగ్గా మూడో వంతు. సికింద్రాబాద్ నుంచే మొదలుపెట్టవచ్చు. రైలు పెట్టెలు కడిగే యార్డులు, లాలాగూడ వర్క్‌షాపులు, జీడిమెట్ల, బాలానగర్ ఫ్యాక్టరీలు, కంటోన్మెంట్ మైదానాలు, బొల్లారం గోల్ఫ్ కోర్సు, మెట్రో పిల్లర్ల కింది మొక్కలు, ఊరంతా లేస్తున్న కట్టడాల సిమెంటు పని. వీటిలో మంజీరా నీరే కావాలని పట్టుబట్టేది ఒక్కటీ కనిపించదు. మన దగ్గర ఇప్పటికీ పాతకాలం వాళ్లు నల్లా నీళ్లను మంజీరా నీళ్లనే అంటారు, బోరు నీళ్ల నుంచి వేరుచేసి. దేనికి ఏ నీరన్న తేడా ఆ తరానికి చెప్పాల్సిన అవసరం లేదు.

హుస్సేన్‌సాగర్ సంగతి లేకుండా సికింద్రాబాద్ నీటి కథ లేదు. 1562లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టిన చెరువు. సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ వెలిసింది దాని ఇవతలి ఒడ్డునే. 1930 ప్రాంతం దాకా అది తాగునీటి చెరువు. ఇప్పుడు పికెట్ నాలా, కూకట్‌పల్లి నాలా చేసే పని తెలిసిందే. 2006లో జపాన్ అప్పుతో 370 కోట్ల ప్రక్షాళన పథకం మొదలైంది. వానలేని రోజుల్లో మురుగును చెరువులో పడనివ్వకుండా పక్కకు మళ్లించి అంబర్‌పేట దాకా పంపే ఏర్పాటు వచ్చింది. నెక్లెస్ రోడ్డు మీద వాసన తగ్గిందంటే అది అంబర్‌పేటకు బదిలీ అయిందని అర్థం చేసుకోవాలి. శుద్ధయినంత శుద్ధయి, మిగిలింది మూసీ వెంట గడ్డి, వరి పండించే రైతు మడిలోకి.

చెరువులు అందానికని, బోటింగుకని, చుట్టూ నడకదారి వేస్తే చాలని ఒక నమ్మకం బలపడింది. మనం గ్రానైట్ రాతి మీద ఉన్నాం. ఇక్కడ భూగర్భజలం నిలిచేది పైనున్న శిథిలమైన పలచటి పొరలోనే. దాని కింద బండ, బండలో అక్కడక్కడా పగుళ్లు. వెయ్యి అడుగులు బోరు వేసినవాడికి దొరికేది ఆ పగుళ్ల అదృష్టమే. పై పొర వానకు తొందరగా నిండుతుంది, తొందరగానే ఖాళీ అవుతుంది. ఏడాది పొడుగునా దాన్ని తడిపి ఉంచేవి చెరువులే. ఇది తెలిసే పాతవాళ్లు గొలుసుకట్టుగా కట్టారు. గొలుసు తెంపి ఒక్కో చెరువునూ పార్కుగా మార్చి, బోరు ఎండిందని ట్యాంకర్ పిలుస్తున్నాం.

బన్సీలాల్‌పేట మెట్లబావి చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. దశాబ్దాల చెత్తతో నిండిపోయిన ఆ బావిని రెయిన్‌వాటర్ ప్రాజెక్టు కల్పనా రమేశ్, జీహెచ్‌ఎంసీ కలిసి తవ్వించారు. 2022 డిసెంబరులో ప్రారంభించారు. చెత్త తీస్తే నీరు ఊరింది. ఊరు మారినా నేల మారలేదు. అంబర్‌పేట బతుకమ్మకుంటలోనూ ప్రభుత్వ సంస్థ హైడ్రా తవ్విస్తే నీళ్లు పైకి వచ్చాయి. నాకు నచ్చనిది ఆ తర్వాత జరిగేది: ఫోటోలు, లైట్లు, టూరిజం. బన్సీలాల్‌పేట నీటితో కోటిమంది బతకరని నాకూ తెలుసు. అలాంటి బావిని మ్యూజియం వస్తువుగా చూడటం మానేసి, చుట్టుపక్కల కప్పుల మీది వాన ఎక్కడికి పోతోందో అడిగితే చాలు.

వాన లెక్క ఇది. ఏడాదికి సగటున 80 సెంటీమీటర్లు. 2007లో ఏర్పడినప్పుడు జీహెచ్‌ఎంసీ విస్తీర్ణం దాదాపు 650 చదరపు కిలోమీటర్లు. అంత మేర పడే వాన 18 టీఎంసీలు. అందులో సగం కూడా పట్టుకోలేం, ఒప్పుకుంటాను. నాలుగో వంతు పట్టుకుంటే నాలుగున్నర టీఎంసీలు, హిమాయత్‌సాగర్ ఒకటిన్నర సార్లు నిండేంత. 2002 వాల్టా చట్టం వచ్చినప్పటి నుంచి ఇంకుడుగుంతలు తప్పనిసరి అంటూనే ఉన్నారు. అనుమతి కోసం తవ్వి, ఫోటో తీయించి, మర్నాడే బండలు పరిచి పార్కింగ్ చేసుకున్న గుంతలు నా కంటికే బోలెడు కనబడ్డాయి. ఇంకని వాన ఎటు పోతుందో 2025 జులైలో రసూల్‌పుర పక్క పైగా కాలనీ చూసింది, ప్యాట్నీ నాలా పొంగి పడవలు వేయాల్సి వచ్చింది.

ఈ నీళ్లకు ఇంకెవరో మూల్యం చెల్లిస్తున్నారన్నది మనం వినడానికి ఇష్టపడం. 1931 నాటి నిజాంసాగర్ ఆయకట్టు కళ తప్పడానికి పైన సింగూరు నుంచి మనకు మళ్లిన నీరు ఒక కారణం. మల్లన్నసాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు మునిగాయి. వేములఘాట్ వాళ్లు నెలల తరబడి దీక్షల్లో కూర్చున్నారు. ఆ ఊరి మీద నిలిచిన నీటిని తెచ్చి కారు కడిగి మోరీలోకి వదిలే హక్కు మనకెవరిచ్చారు?

2021 నుంచి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. ఐదుగురున్న ఇంటికి అది మనిషికి రోజుకు 133 లీటర్లు, అంటే దాదాపు ప్రమాణమంతా ఉచితమే. బస్తీలో ఇది న్యాయం. రెండు కార్లున్న ఫ్లాటుకు ఎందుకో ఏ పార్టీ చెప్పదు, ఏ పార్టీ తీసేయదు. ఆ రాయితీ సొమ్ముతో చిల్లులు వెతికే మీటర్లు ప్రతి వార్డు ముఖద్వారం దగ్గరా పెట్టొచ్చు. వార్డులోకి ఎంత వచ్చింది, ఎంత బిల్లయింది అన్నది నెలనెలా బయటపెడితే, లైన్‌మన్‌కు తెలిసిన నిజం కాలనీకీ తెలుస్తుంది. కంటోన్మెంట్ బోర్డు జలమండలి దగ్గర టోకున కొని తానే పంచుతుంది కాబట్టి అక్కడ ఈ లెక్క ఇంకా సులువు.

ఇప్పుడు సమయం కూడా కలిసొచ్చింది. ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫామ్ దాకా, జేబీఎస్ నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్లకు 2024 మార్చిలో పునాదిరాళ్లు పడ్డాయి. బోయిన్‌పల్లి వైపూ, కార్ఖానా, తిరుమలగిరి వైపూ రోడ్లు తవ్వక తప్పదు, కింద ఉన్న పైపులు పక్కకు జరపక తప్పదు. శుద్ధిచేసిన నీటికి రెండో పైపు వేయాలంటే ఇంతకంటే చవకైన అదను రాదు. స్తంభాలు నిలబడి, కాంక్రీటు పోశాక ఆ రోడ్డును మళ్లీ ఎవరూ తవ్వనివ్వరు. మల్లన్నసాగర్ గురించి అడిగేవాళ్లు ముందు ఆ కారిడార్ డ్రాయింగులు తెప్పించుకుని చూడాలి. అందులో ఆ పైపుకు రెండడుగుల చోటు ఉందా, లేదా?